వీఆర్‌తో వైద్య శిక్షణ: హౌస్ సర్జన్లు, నర్సింగ్ విద్యార్థులు, రోగుల బంధువులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్కిల్స్ ల్యాబ్‌కి, అంటే రోగి దగ్గరికి వెళ్లే ముందు సాధన చేసే గదికి, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు వచ్చినప్పటి నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. కొన్ని హౌస్ సర్జన్లవి, కొన్ని నర్సింగ్ పిల్లలవి, కొన్ని నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్లవి, ఒకటి మాత్రం రోగి కొడుకు అడిగింది. వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

వీఆర్ ట్రైనింగ్ అంటే హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వీడియో గేమేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది, అందుకే ఆ అనుమానం వస్తుంది. హెడ్‌సెట్ పెట్టుకోగానే క్యాజువాల్టీ కనిపిస్తుంది, మంచం మీద రోగి, పక్కన మానిటర్, ఎదురుగా సిస్టర్. ఆక్సిజన్ పెట్టడం మర్చిపోతే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) దిగుతూ ఉంటుంది, తప్పు మందు ఇస్తే బీపీ పడిపోతుంది. గేమ్‌కీ దీనికీ తేడా ఏంటంటే, మీరు ఏం చేశారో, ఎన్నో నిమిషంలో చేశారో, ఏది చేయకుండా వదిలేశారో అంతా రికార్డవుతుంది, అయిపోయాక దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడుకుంటాం. ఆ మాట్లాడుకోవడం గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు పాఠం అదే.

ఇంకో సంగతి. వీఆర్ అనగానే హెడ్‌సెట్టే గుర్తొస్తుంది గానీ, ఆపరేషన్లు నేర్పే వీఆర్ యంత్రాలు (సిమ్యులేటర్లు) చాలా వాటిలో హెడ్‌సెట్ ఉండదు. కంటి ఆపరేషన్ సిమ్యులేటర్‌లో నిజం మైక్రోస్కోప్ లాంటి దాంట్లోకి చూస్తూ, బొమ్మ తలలో అమర్చిన కంట్లో పరికరాలు కదుపుతారు. లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) సిమ్యులేటర్‌లో స్క్రీన్ చూస్తూ రెండు చేతులతో పిడులు పట్టుకుని చేస్తారు.

మా రోజుల్లో ఇవేమీ లేవు, మేం మంచి డాక్టర్లం కాలేదా?

అయ్యారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే ఆ నేర్చుకోవడానికి ఖర్చు ఎవరు పెట్టారు అన్నది నా ప్రశ్న.

హౌస్ సర్జన్‌గా నా మొదటి వారం, డెబ్బై దాటిన ఒకావిడకి కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్న గొట్టం) పెట్టాల్సి వచ్చింది. నాలుగుసార్లు పొడిచాను. చేతులు వణుకుతున్నాయి, నరం దొరికినట్టే ఉంటుంది, రక్తం వెనక్కి రాదు, చూస్తుండగానే ఉబ్బిపోతుంది. ఆవిడ ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "పర్లేదు బిడ్డా, నా మీద నేర్చుకో" అంది. ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు గొంతు పట్టేస్తుంది. ఆవిడ అంత పెద్ద మనసుతో ఉండాల్సిన అవసరం నిజానికి లేదు. ఆ నాలుగు పోట్లలో మూడు ప్లాస్టిక్ చెయ్యి మీద పడి ఉండాల్సింది. నేర్చుకునేవాళ్ల చేతిలో ఎక్కువగా పొడిపించుకునేది పెద్దాసుపత్రికి వచ్చే పేదవాళ్లే కదా, కార్పొరేట్ ఆసుపత్రి స్పెషల్ రూమ్‌లో హౌస్ సర్జన్ మొదటి ప్రయత్నం చేయడు.

పొరపాట్లు ఎంత పెద్ద సమస్యో తెలియాలంటే, అమెరికాలో 1999లో వచ్చిన ఒక నివేదిక అక్కడి ఆసుపత్రుల్లో వైద్య పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అన్ని హంగులూ ఉన్న దేశం సంగతి అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వైద్యం కోసం వచ్చిన ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి ఆ వైద్యం వల్లే ఏదో ఒక హాని జరుగుతోంది, అందులో సగం ఆపగలిగినవే. డాక్టర్లు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. ఎప్పుడూ చేయని పనిని మొదటిసారి, అర్ధరాత్రి, ఒంటరిగా, మనిషి మీద చేయాల్సి వస్తోందని అర్థం.

వీఆర్‌లో మార్కులు పెరగడం సరే. దానివల్ల నిజం రోగులకు మేలు జరిగిందా?

ఇదే అసలు అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే సిమ్యులేటర్ మీద సాధన చేస్తే సిమ్యులేటర్ మీద స్కోరు పెరుగుతుంది, అందులో వింతేమీ లేదు.

నాకు బాగా నమ్మకం కలిగించింది బ్రిటన్ శుక్లాల ఆపరేషన్ల లెక్క. శుక్లం తీసేటప్పుడు లెన్స్ వెనకాల పల్చటి పొర ఒకటి ఉంటుంది, కొత్త లెన్స్ దాని ఆసరాతోనే కూర్చోవాలి. అది చిరిగితే వెనకున్న జెల్లీ ముందుకొస్తుంది, చూపు పోయే ప్రమాదం పెరుగుతుంది, ఇంకో ఆపరేషన్ కూడా పడొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో ఎక్కువగా జరిగే పొరపాటు అదే. అక్కడ ఐసై అనే వీఆర్ సిమ్యులేటర్లు ట్రైనింగ్‌లోకి వచ్చిన కాలంలో, మొదటి రెండేళ్ల ట్రైనీలు 265 మంది చేసిన 17,831 ఆపరేషన్లను లెక్క తీశారు. పొర చిరిగిన కేసులు 2009లో 4.2 శాతం, 2015కి 2.6 శాతం. సిమ్యులేటర్ అందుబాటులోకి వచ్చినవాళ్లలో తగ్గింది, దాని ముఖం చూడనివాళ్లలో పెద్దగా తగ్గలేదు. నూటికి ఒకటిన్నర తగ్గితే ఎంతని అనిపించొచ్చు, కానీ వేల కళ్ల మీద లెక్కేసి చూడండి, ఒక్కో కన్నూ ఎవరో అమ్మమ్మదో తాతయ్యదో.

ఇది చిట్టీలు వేసి రెండు గుంపులు చేసిన పరీక్ష కాదన్న మాట కూడా చెప్పాలి. ఆ ఏళ్లలో ఇంకేవైనా కూడా మెరుగుపడి ఉండొచ్చు. చిట్టీలు వేసి చేసిన పరీక్ష కావాలంటే 2002లో అచ్చయిన యేల్ యూనివర్సిటీ అధ్యయనం ఉంది. 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు గుంపులు చేశారు, ఒక గుంపుకి మామూలు ట్రైనింగ్, ఇంకో గుంపుకి దాంతోపాటు వీఆర్ సాధన, తర్వాత అందరితో నిజం రోగులకు లాప్రోస్కోపీలో పిత్తాశయం తీయించి, ఎవరు ఏ గుంపో తెలియని సర్జన్లతో ఆ వీడియోలు దిద్దించారు. వీఆర్ చేసినవాళ్లు 29 శాతం త్వరగా ముగించారు, తప్పులు దాదాపు ఆరో వంతే చేశారు. 16 మంది అంటే చాలా చిన్న సంఖ్యే, ఆ మాట మర్చిపోకూడదు.

గమనించండి, ఈ రెండూ చేతి పని నేర్పే యంత్రాలు. తలకు పెట్టుకునే హెడ్‌సెట్ విషయంలో రోగుల దాకా వెళ్లి లెక్క తీసిన రుజువులు ఇంకా తక్కువ. అమ్మడానికి వచ్చినవాళ్లు "ఇన్ని వందల శాతం మెరుగు" అని స్లైడ్ చూపిస్తే, ఎంతమంది మీద, ఎవరి మీద, ప్లాస్టిక్ ఎముక మీదా మనిషి మీదా అని అడగండి.

బొమ్మతో కుదిరేదానికి వీఆర్ ఎందుకు? అంత డబ్బు పెట్టాలా?

బొమ్మతో కుదిరితే బొమ్మే వాడండి. నేను హెడ్‌సెట్లకు ప్రచారం చేయడానికి రాయట్లేదు.

సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) నేర్పే బొమ్మ 1960లో నార్వేలో ఒక బొమ్మల తయారీదారు చేసింది, దాని వారసులు ఈ రోజుకీ మన ల్యాబుల్లో ఉన్నాయి. కారణం తేలికే: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, ప్రతి నొక్కుకీ మధ్య ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వడం, ఇది మీ నడుముకీ మోచేతులకీ తెలియాలి. గాలిలో చేతులు ఊపితే రాదు. హెడ్‌సెట్ పెట్టుకుని సీపీఆర్ నేర్పిస్తామంటే కింద బొమ్మ కూడా ఉండాల్సిందే.

కళ్ల విషయంలోనూ అంతే. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వేల్లో కంటి సర్జరీ నేర్చుకుంటున్న 50 మందిలో సగం మందికి ముందుగా కృత్రిమ కళ్ల మీద గట్టిగా సాధన చేయించారు, వీఆర్ లేదు, చేత్తో తాకే బొమ్మ కళ్లు. అక్కడ నేర్పింది మన కంటి శిబిరాల వాళ్లకు బాగా తెలిసిన చిన్న కోత పద్ధతినే. ఏడాది తిరిగేసరికి సాధన చేసినవాళ్లు సొంతంగా ఎక్కువ ఆపరేషన్లు చేశారు, పొర చిరగడం వాళ్లలో 7.8 శాతం, మిగతావాళ్లలో 26.6 శాతం. బ్రిస్టల్‌లో కాన్పు సమయంలో బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో స్టాఫ్ అందరికీ బొమ్మతో నేర్పితే, అలాంటి కాన్పుల్లో బిడ్డకు గాయం కావడం 9.3 శాతం నుంచి 2.3 శాతానికి దిగింది.

అంటే పని చేసేది తెర కాదు, సాధన. ముందు ఏం రావాలో రాసుకుని, అది వచ్చేదాకా చేయించి, రాకపోతే రోగి దగ్గరికి పంపకపోవడం. బొమ్మతో కుదరని చోటే వీఆర్‌కి విలువ.

మరి బొమ్మతో కుదరనివి ఏంటి?

తీరు మారుతున్న రోగి. బొమ్మ ముఖం పాలిపోదు, చెమట పట్టదు, మాట తడబడదు. ఖరీదైన బొమ్మల్లో కొన్ని చేస్తాయి గానీ అలాంటిది ఒకటి కొంటే ల్యాబ్ బడ్జెట్ అయిపోతుంది.

రెండోది, అరుదుగా వచ్చే ఎమర్జెన్సీ. ఇంజెక్షన్ ఇచ్చిన రెండు నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక, బీపీ పడిపోయే రియాక్షన్‌ని హౌస్ సర్జన్‌షిప్ ఏడాదంతా ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఉంటారు. అది పీహెచ్‌సీలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు మొదటిసారి చూడకూడదు. తొడ కండలో అడ్రినలిన్ ముందు ఇవ్వాలని పుస్తకం చదివిన అందరికీ తెలుసు, అయినా హెడ్‌సెట్‌లో ఆ కేసు పెడితే సగం మంది ముందు ఏవిల్, హైడ్రోకార్టిసోన్ లాంటి అలర్జీ మందుల కోసం వెతుకుతారు. నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. తెలిసి ఉండటం వేరు, టెన్షన్‌లో చేతికి అది రావడం వేరు.

మూడోది, ఒకే కేసుని వందమందికి ఒకేలా చూపించగలగడం. వార్డులో ఎవరి అదృష్టం వాళ్లది.

ఇక నేర్పలేనివి. పొట్ట మీద చెయ్యి పెట్టి గట్టిదనం తెలుసుకోవడం, నాడి పట్టుకోవడం, సూది చర్మం దాటి నరంలోకి దిగినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న మార్పు, ఇవి మామూలు హెడ్‌సెట్‌తో రావు. కొన్ని యంత్రాల్లో చేతికి ఒత్తిడి తెలిసే ఏర్పాటు ఉంటుంది, అది ఉన్నా మనిషి ఒళ్లు మనిషి ఒళ్లే. భర్తను పోగొట్టుకున్నావిడ పక్కన కూర్చోవడం కూడా ఏ యంత్రమూ నేర్పదు.

నర్సింగ్ విద్యార్థులకు ఇది ఉపయోగపడుతుందా, డాక్టర్లకేనా?

నన్నడిగితే నర్సింగ్ వాళ్లకే ముందు ఇవ్వాలి. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది వాళ్లు, మందు చేతిలోంచి నరంలోకి వెళ్లే చివరి క్షణంలో ఉండేదీ వాళ్లే. అమెరికాలో పది నర్సింగ్ కాలేజీల్లో చేసి 2014లో అచ్చేసిన పెద్ద అధ్యయనంలో, వార్డు గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా చదువు పూర్తయ్యాక నర్సుల సామర్థ్యంలో తేడా కనిపించలేదు. మంచి అన్న మాటని గట్టిగా చదవండి, అక్కడ నేర్పేవాళ్లకు దానికోసమే ట్రైనింగ్ ఇచ్చారు.

మేం ఎక్కువగా వాడే కేసు ఇన్సులిన్‌ది. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయల్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది, సిరంజిలూ రెండు రకాలు, ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే రోగికి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. క్లాసులో చెప్తే అందరూ తల ఊపుతారు. హెడ్‌సెట్‌లో ట్రే మీద రెండు రకాలూ పెట్టి, పక్కన అటెండెంట్ గట్టిగా మాట్లాడుతూ, ఇంకో మంచం నుంచి సిస్టర్ సిస్టర్ అని పిలుస్తూ ఉంటే అప్పుడు తెలుస్తుంది. ఇరవై నిమిషాల తర్వాత తెరమీద రోగికి చెమటలు పట్టి మాట ముద్దగా వస్తుంటే, ఆ సిరంజి ఎంచుకున్న పిల్ల ముఖం చూడాలి. ఆ పిల్ల ఇక జన్మలో మూత రంగు చూడకుండా ఇన్సులిన్ లాగదు.

అయ్యాక కూర్చుని మాట్లాడటం అంత ముఖ్యమా? సాఫ్ట్‌వేరే స్కోరు ఇస్తుంది కదా?

స్కోరు ఏం తప్పు జరిగిందో చెప్తుంది, ఎందుకు జరిగిందో చెప్పదు.

ఒకసారి ఒక టీమ్ కేసు పెట్టాం. అందులో సీనియర్ డాక్టర్ పాత్ర కావాలనే పది రెట్లు ఎక్కువ డోసు చెప్తుంది. ఒక నర్సింగ్ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మందు లాగి ఇచ్చేసింది. సాఫ్ట్‌వేర్ దాన్ని "డోసు తెలియదు" అని లెక్కేసింది. తర్వాత అందరం కూర్చున్నప్పుడు నేను ఏమీ అనకుండా, "ఆ క్షణం ఆగావు కదమ్మా, అప్పుడు ఏమనుకున్నావ్?" అని అడిగాను. చాలాసేపటికి, "ఎక్కువని నాకు తెలుసు మేడమ్, సార్‌కి తెలియదా అనుకున్నాను" అంది. గదిలో సగం మంది తలలు దించుకున్నారు, ఎందుకంటే అది అందరి కథా.

ఆ అమ్మాయికి డోసుల పట్టిక మళ్లీ చదివిస్తే ఏం లాభం? ఆమెకి కావాల్సింది నోరు తెరవడం. "సార్, ఒక్కసారి డోసు మళ్లీ చెప్తారా, నాకు ఎక్కువగా అనిపిస్తోంది" అన్న వాక్యాన్ని ఆ రోజు అందరితో పైకి అనిపించాం. వినకపోతే రెండోసారి అనాలి, అప్పటికీ వినకపోతే మందు ఇవ్వకుండా ఇంకొకరిని పిలవాలి. మన ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదన్న అలవాటు ఇంటి నుంచే వస్తుంది, దాన్ని నిజం వార్డులో మొదటిసారి దాటమంటే ఎవరికీ సాధ్యం కాదు. డాక్టర్లని కూడా అదే గదిలో కూర్చోబెట్టండి, వాళ్లు "థాంక్యూ సిస్టర్, చూస్తాను" అనడం సాధన చేయాలి.

కేసు పది నిమిషాలైతే మాటలకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. తప్పు చేసినవాళ్లని పేరు పెట్టి తిట్టే గదిగా మాత్రం దాన్ని మార్చొద్దు, ఒక్కసారి అలా జరిగితే ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పరు.

తెలుగులో ఉన్నాయా?

ఇదే నా పెద్ద దిగులు. మా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో గుండెపోటు రోగి, ఛాతీ మీద ఏనుగు కూర్చున్నట్టుందని ఇంగ్లిష్‌లో చెప్తాడు. మన రోగి ఎప్పుడైనా అలా అన్నాడా? "గ్యాస్ పట్టేసింది సార్, నిన్న రాత్రి పకోడీ తిన్నా" అంటాడు. "ఎడమ చెయ్యి గుంజుతోంది" అంటాడు. షుగరున్న పెద్దావిడైతే నొప్పే ఉండదు, "నీరసంగా ఉందయ్యా, ఆయాసం వస్తోంది" అంటుంది, వరంగల్ వైపు "దమ్మొస్తుంది" అంటారు, ఇంకొకరు "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అంటారు. గ్యాస్ అన్నాడు కదాని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపిన గుండెపోటు కథలు ప్రతి ఊర్లోనూ ఉన్నాయి. ఆ మాట వినగానే ఈసీజీ తీయాలన్న అలవాటు కలగాలంటే సిమ్యులేషన్‌లో రోగి అదే మాట అనాలి.

దీనికి కంపెనీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. చాలా సాఫ్ట్‌వేర్లలో టీచర్ మైక్‌లో రోగి గొంతుతో మాట్లాడే వీలుంటుంది. మా ల్యాబ్ అటెండర్ ఒకాయన రోగిగా ఎంత బాగా మాట్లాడతాడంటే, పక్కన భార్య పాత్రలో "మీరు మాట్లాడకండి, నేను చెప్తా" అనే ఇంకో మనిషిని కూడా పెట్టుకున్నాం. కేసు విలువ రెట్టింపయింది.

హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లు తిరుగుతాయి, వికారం వస్తుంది. ఏం చేయాలి?

కొందరికి వస్తుంది, బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కినట్టే. కన్ను కదులుతున్నానంటుంది, చెవిలోని బ్యాలెన్స్ కదలట్లేదంటుంది. మొదటిసారి పది నిమిషాలకు మించొద్దు, కుర్చీలో కూర్చుని చేయొచ్చు, తెరమీద నడవడం ఎక్కువుండే కేసులు తర్వాత పెట్టుకోండి. వికారం మొదలవగానే తీసేయండి, ఓర్చుకోవడం వల్ల లాభం లేదు. మూర్ఛ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు మధ్యలో పెట్టే స్పేసర్ దొరుకుతుంది. ముఖానికి తగిలే భాగం ప్రతి ఒక్కరి తర్వాతా తుడవాలి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నేర్పే ల్యాబ్‌లోనే ఇది మర్చిపోతే ఎలా.

ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) దీన్ని ఒప్పుకుంటుందా?

2019 బ్యాచ్ నుంచి వచ్చిన కాంపిటెన్సీ ఆధారిత ఎంబీబీఎస్ కరిక్యులమ్‌లో ప్రతి మెడికల్ కాలేజీలో స్కిల్స్ ల్యాబ్ ఉండాలి. వీఆర్ ఆ ల్యాబ్‌లో ఒక పరికరం మాత్రమే. వార్డు పోస్టింగ్ ఎగ్గొట్టి హెడ్‌సెట్‌లో చూసేశానంటే కుదరదు, కుదరకూడదు కూడా.

మా నాన్నకు రేపు ఆపరేషన్. చేసేది నేర్చుకుంటున్న డాక్టరా అని అడగొచ్చా?

అడగొచ్చు. ఒక రోగి కొడుకు నన్ను కారిడార్‌లో ఆపి, ఎంతో మొహమాటపడుతూ అడిగాడు. టీచింగ్ హాస్పిటల్లో పీజీలు చేస్తారు, పక్కన సీనియర్ ఉంటారు, అది దాచాల్సిన విషయం కాదు. సర్జన్ ఎవరు, పక్కన ఎవరుంటారు, ఇలాంటివి ఇంతకు ముందు చేశారా అని మర్యాదగా అడగండి. ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా అడగాలని నా కోరిక: "సిమ్యులేటర్ మీద సాధన చేశారా?" రోగులు అడగడం మొదలుపెడితే కాలేజీలు ల్యాబ్ తాళాలు తీస్తాయి. తనిఖీ రోజు తప్ప తెరవని ల్యాబులు నాకు తెలుసు, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని బొమ్మలు చూశాను, కడుపు మండిపోతుంది.

మా దగ్గర ఒకే ఒక్క హెడ్‌సెట్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకటి చాలు. హెడ్‌సెట్‌లో కనిపించేది టీవీ మీదకి పంపండి, ఒకరు చేస్తుంటే పది మంది చూస్తారు, అందులో ఇద్దరు రాసుకుంటారు, ఒకరు ఫోన్‌లో సీనియర్‌కి కేసు చెప్పే పాత్ర తీసుకుంటారు.

సాఫ్ట్‌వేర్ లిస్టు చూసి కేసు ఎంచుకోవద్దు. మీ వార్డుకి వెళ్లి, ఈ ఆరు నెలల్లో ఏం పొరపాట్లు జరిగాయో, త్రుటిలో ఏవి తప్పాయో సిస్టర్ ఇన్‌ఛార్జ్‌ని అడగండి, ఎవరి పేర్లూ వద్దని ముందే చెప్పండి. ఆవిడ చెప్పే మొదటి మూడు విషయాలే మీ మొదటి మూడు కేసులు. ఒకసారి చేయించి వదిలేయొద్దు, ఈ నైపుణ్యాలు కొన్ని నెలల్లోనే మొద్దుబారతాయి, మూడు నాలుగు నెలలకోసారి పావుగంటైనా మళ్లీ చేయించండి. ల్యాబ్ తాళంచెవి ప్రిన్సిపాల్ గదిలో కాకుండా రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు దొరికే చోట పెట్టించండి. మా దగ్గర ఎక్కువ సాధన జరిగేది రాత్రి పదకొండు తర్వాతే, క్యాజువాల్టీ కాస్త ఖాళీ అయ్యాక, ఇద్దరిద్దరుగా వస్తారు.